ట్రేడ్ నేర్చుకునే అమ్మాయి స్టూడెంట్ లీడర్‌గా నిలబడొచ్చా? నిలబడాలి, కానీ ఒక షరతు మీద

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీ చెల్లెలు ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరింది, బ్యాచ్ మొత్తంలో అమ్మాయిలు ముగ్గురే, ఇన్‌స్ట్రక్టర్ ఏమో తనని స్టూడెంట్ లీడర్‌గా నిలబడమంటున్నారు. ఇంట్లో "ముందు పని నేర్చుకోనీ, ఈ లీడర్ గోల ఎందుకు" అంటున్నారు. అబ్బాయిలు మాట వింటారా, ప్రాక్టికల్స్ దెబ్బతింటాయా, రేపు సైట్‌లో పని దొరకడానికి ఇదేమైనా పనికొస్తుందా అని మీ డౌట్లు.

సూటిగా చెప్పాలంటే, నిలబడమనండి. కాకపోతే ఒప్పుకునే ముందు "నేను చేయాల్సిన పని ఏంటి సార్" అని అడిగి తెలుసుకోమనండి. పనిముట్టుకి దగ్గరగా ఉంచే బాధ్యత అయితే వెంటనే తీసుకోవాలి. పనిముట్టు నుంచి దూరం చేసే బాధ్యత అయితే పేరు ఎంత పెద్దదైనా వద్దు. ఇక మీద నేను రాసేదంతా దీనికి వివరణే, టైమ్ లేకపోతే ఇక్కడితో ఆపేయొచ్చు.

నా గురించి రెండు ముక్కలు. నేను కూడా ఎలక్ట్రికల్ పనితోనే మొదలుపెట్టాను, హెల్పర్‌గా చేరి తర్వాత చిన్న టీమ్‌ని నడిపే దాకా సైట్ల మీదే ఉన్నాను, ఇప్పుడు ట్రైనింగ్ వైపు వచ్చాను. మా వర్క్‌షాప్‌లో ఎలక్ట్రికల్, ప్లంబింగ్, తాపీ పని పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి మూడింట్లోకి వచ్చే అమ్మాయిల్నీ చూస్తుంటాను.

మీ ఇంట్లో వాళ్ళ మాటలో సగం నిజం ఉందండీ. పని రాకుండా లీడర్ అయితే ఎవరూ లెక్కచేయరు. మిగతా సగం మాత్రం వాళ్ళకి కనిపించడం లేదు, ఎందుకంటే వర్క్‌షాప్‌లో ఏం జరుగుతుందో బయటి వాళ్ళకి తెలియదు. అయిదుగురి గ్రూప్‌కి ఒక వైరింగ్ బోర్డ్ ఇచ్చారనుకోండి, ఇద్దరు అబ్బాయిలు స్క్రూడ్రైవర్లు అందుకుంటారు, ఇంకో ఇద్దరు వాళ్ళ భుజాల మీంచి చూస్తుంటారు, అమ్మాయి చేతికి రికార్డ్ బుక్ వస్తుంది. ఎవరూ కక్షతో చేయరు, "నీ రైటింగ్ బాగుంటుంది కదా, నువ్వు రాయి" అని ప్రేమగానే ఇస్తారు. లేకపోతే టేప్ ఆ చివర పట్టుకోమంటారు, చివర్లో చెత్త ఊడ్వమంటారు. కోర్స్ అయ్యేసరికి ఆ అమ్మాయికి సర్క్యూట్ డయాగ్రమ్ బ్రహ్మాండంగా గీయడం వస్తుంది, కండ్యూట్ (వైర్లు లోపల నుంచి వెళ్ళే పైపు) నలక్కుండా వంచడం రాదు. ట్రేడ్ టెస్ట్‌లో అడిగేది రెండోది.

లీడర్ చేతిలో ఉండే అసలు బలం ఇక్కడే. ఎవరు ఏ పని చేయాలో నిర్ణయించే చార్ట్ తన చేతిలో ఉంటుంది. నేను మా వాళ్ళకి చెప్పే పద్ధతి చాలా సింపుల్: ప్రతి ప్రాక్టికల్‌కీ నాలుగు కుర్చీలు అనుకోండి, డ్రాయింగ్ చదివి మార్కింగ్ చేసేవాళ్ళు, కండ్యూట్ కోసి వంచి బిగించేవాళ్ళు, వైర్ లాగి చివరలు బిగించేవాళ్ళు (టెర్మినేషన్), చివర్లో కంటిన్యూటీ (తీగ ఎక్కడా తెగలేదని), ఇన్సులేషన్ (కరెంట్ బయటికి లీక్ అవ్వదని) టెస్ట్ చేసి రాసేవాళ్ళు. ప్రతిసారీ ఒక కుర్చీ జరగాలి, ఎవరూ ఒకే దాంట్లో రెండుసార్లు వరసగా కూర్చోకూడదు. ఈ చార్ట్ గోడకి అంటించాక "నువ్వు రాయి" అనేవాళ్ళు ఉండరు, మూల నిలబడి చూసే అబ్బాయిలకి కూడా చేతికి పని దొరుకుతుంది, అసలు ఎక్కువ లాభపడేది వాళ్ళే అని నాకు చాలాసార్లు అనిపించింది.

ఏ పోస్ట్ తీసుకోవాలి, ఏది వద్దనాలి

వద్దనాల్సినవి తొందరగా చెప్పేస్తాను. ఫంక్షన్‌లో యాంకరింగ్, వచ్చిన గెస్ట్‌లకి బొకే ఇవ్వడం, స్టేజ్ డెకరేషన్, అటెండెన్స్ షీట్లు ఆఫీస్‌కి మోయడం, ఫోటోల్లో ముందు వరసలో హెల్మెట్ పెట్టుకుని నిలబడటం. ఇవి ఎప్పుడో ఒకసారి చేస్తే నష్టం లేదు, కానీ ప్రాక్టికల్ టైమ్‌లో పిలిచి చేయిస్తుంటే అది లీడర్‌షిప్ కాదు, ఉచిత చాకిరీ. "సార్, ప్రాక్టికల్ అయ్యాక వస్తాను" అనే ఒక్క మాట అలవాటు చేసుకోమనండి. కోపంగా అనక్కర్లేదు, నవ్వుతూనే అనొచ్చు, కానీ ప్రతిసారీ అదే మాట అనాలి.

తీసుకోవాల్సినవి మూడు. టూల్ రూమ్ ఇన్‌ఛార్జ్, సేఫ్టీ లీడ్, ప్రాజెక్ట్ పనిలో క్రూ లీడర్.

టూల్ రూమ్ అంటే చాలామంది తాళాలు పట్టుకుని కూర్చునే పని అనుకుంటారు. కాదు. ఏ పనిముట్టు ఎలా పాడవుతుందో అన్నీ కళ్ళతో చూసి నేర్చుకునే చోటు అది. గోడ మీద బోర్డ్ పెట్టి ప్రతి పనిముట్టు ఆకారం పెయింట్‌తో గీసేస్తే, సాయంత్రం తాళం వేసే ముందు ఒక్క చూపులో ఏది తిరిగి రాలేదో తెలిసిపోతుంది. ఇక తిరిగొచ్చిన ప్రతిదీ చేత్తో పట్టుకుని చూడాలి. డ్రిల్ కార్డ్ ప్లగ్ దగ్గర చిట్లిందా, సుత్తి దెబ్బలకి ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుందా (విచ్చుకుంటే దెబ్బ తగిలినప్పుడు ఇనప ముక్క ఎగిరి కంట్లో పడుతుంది, గ్రైండ్ చేసి ఇవ్వాలి), మల్టీమీటర్ ప్రోబ్ ఇన్సులేషన్ పగిలిందా, ఎక్స్‌టెన్షన్ బోర్డ్ మీదున్న ఆర్‌సీడీ (కరెంట్ లీక్ అయితే వెంటనే ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అవుతోందా. మా దగ్గర టూల్ రూమ్ చూసిన ఒక అమ్మాయి కార్డ్‌కి టేప్ చుట్టిన డ్రిల్ మెషిన్‌ని పక్కన పెట్టేసి ట్యాగ్ కట్టింది. ఆ రోజు ఉన్నవే తక్కువ మెషిన్లు, సీనియర్ అబ్బాయిలు గొడవ చేశారు, "ఇన్నాళ్ళూ వాడుతూనే ఉన్నాం కదా" అని. తను వాదించలేదు, టేప్ విప్పి చూపించింది. లోపల రాగి తీగ బయటికి కనిపిస్తోంది. ఆ తర్వాత ట్యాగ్ కట్టిన దేన్నీ ఎవరూ అడగలేదు.

సేఫ్టీ లీడ్ అంటే పని మొదలయ్యే ముందు 5, 10 నిమిషాలు టూల్‌బాక్స్ టాక్, అంటే సేఫ్టీ గురించి చిన్న మాట, ఇవ్వడం ముఖ్యమైన పని. జనం ముందు మాట్లాడాలంటే భయపడే అమ్మాయిలకి ఇంతకంటే మంచి ప్రాక్టీస్ లేదు, ఎందుకంటే స్పీచ్ ఇవ్వక్కర్లేదు, చేతిలో వస్తువు పెట్టుకుని చూపిస్తే చాలు. ఒక రోజుకి ఒకటే టాపిక్. ఉదాహరణకి నిచ్చెన. గోడకి ఆనించిన నిచ్చెన ఎత్తు 4 మీటర్లైతే కింద కాళ్ళు గోడకి 1 మీటర్ దూరంలో ఉండాలి, పైన మనం దిగే చోటు కంటే నిచ్చెన సుమారు 1 మీటర్ పైకి ఉండాలి, కరెంట్ పని దగ్గర అల్యూమినియం నిచ్చెన వాడకూడదు, ఫైబర్‌గ్లాస్‌దే. ఇది చెప్పి అక్కడున్న నిచ్చెననే తెచ్చి, కాళ్ళ రబ్బర్ ఉందా లేదా అందరితో చూపించి, ఒకరితో సరిగ్గా నిలబెట్టించాలి. అయిపోయింది.

ఎలక్ట్రికల్ ట్రేడ్ కాబట్టి లాకౌట్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మీ చెల్లెలికి లీడర్‌షిప్ అంటే ఏంటో దీనికంటే బాగా ఏ క్లాసూ నేర్పదు. ఒక సర్క్యూట్ మీద పని చేయాలంటే బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేయాలి, పేరు రాసిన ట్యాగ్ కట్టాలి. ఒకే సర్క్యూట్ మీద నలుగురు పని చేస్తుంటే హాస్ప్ (ఒకే చోట చాలా తాళాలు పట్టే కొక్కెం) పెట్టి నాలుగు తాళాలు పడాలి, ఎవరి తాళం వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులో. తర్వాత టెస్టర్‌ని ముందు కరెంట్ ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకోవాలి, అప్పుడు మన సర్క్యూట్ చూడాలి, మళ్ళీ ఇంకోసారి తెలిసిన చోట చూడాలి. మూడో చూపు చాలామంది ఎగ్గొడతారు, మధ్యలో టెస్టర్ చచ్చిపోయి ఉంటే "కరెంట్ లేదు" అని అది చెప్పిన అబద్ధాన్ని నమ్మేసి చేయి పెడతారు. సేఫ్టీ లీడ్ చేసేది ఏంటంటే పక్కన నిలబడి ఆ మూడో చూపు అయ్యేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకపోవడం. ముందు నిలబడింది వయసులో పెద్దవాడైనా, బలంగా ఉన్నవాడైనా, తొందరలో ఉన్న ఇన్‌స్ట్రక్టరే అయినా సరే. "ఇంకొక్కసారి చూడండి సార్" అని అనగలిగిన అమ్మాయికి రేపు సైట్ మీద ఎవరితోనైనా మాట్లాడటం వస్తుంది.

అబ్బాయిలు మాట వింటారా

మొదటి రోజు వినరు. అది అమ్మాయి కాబట్టి మాత్రమే కాదు, తోటి స్టూడెంట్ మాట ఎవరూ మొదట్లో వినరు, అమ్మాయి అయితే ఇంకాస్త ఎక్కువ టైమ్ పడుతుంది. గట్టిగా అరవడం వల్ల పని జరగదు, ఎలాగూ సైట్‌లో గ్రైండర్ కంటే గట్టిగా ఎవరూ అరవలేరు. పని చెప్పే తీరు మార్చుకోవాలి. "ఎవరైనా ఆ బాక్సుల సంగతి చూడండి" అంటే ఎవరూ చూడరు. మనిషిని పేరు పెట్టి పిలిచి, "ఆ గోడ మీద రెండు స్విచ్ బాక్సులూ 1200 మిల్లీమీటర్ల ఎత్తుకి మార్క్ చెయ్, నేల నుంచి కాదు, డేటమ్ లైన్ నుంచి కొలువు, నేల ఇంకా ఫినిష్ అవ్వలేదు, బ్రేక్ లోపు నాకు చూపించు" అంటే పని అవుతుంది (డేటమ్ లైన్ అంటే ఎత్తులు కొలవడానికి గోడ మీద ముందే గీసుకున్న గీత). ఎవరు, ఏం, ఎంత కొలతకి, ఎందుకు, ఎప్పటిలోపు అన్నీ అందులోనే ఉన్నాయి, "ప్లీజ్" ఉందా లేదా అనేది ఎవరూ పట్టించుకోరు.

దీనికి నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెప్తాను. తాపీ బ్యాచ్‌లో ఒక అమ్మాయి క్రూ లీడర్, నలుగురు అబ్బాయిలు, ప్రాక్టీస్ గోడ కడుతున్నారు. నాలుగు వరసలు లేచాక రసమట్టం పెట్టి "ఈ చివర దిగింది" అంది. కట్టిన కుర్రాడికి చిర్రెత్తుకొచ్చింది, రసమట్టమే తప్పు, అది పాతది అన్నాడు. మిగతావాళ్ళు కూడా వాడి వైపే, ఎందుకంటే తప్పు గోడది అయితే విప్పాలి కదా. ఆ అమ్మాయి మాట్లాడకుండా రసమట్టాన్ని అదే చోట కుడి చివర ఎడమకి వచ్చేలా తిప్పి పెట్టింది. తప్పు రసమట్టంలో ఉంటే తిప్పినప్పుడు బుడగ గోడ రెండో చివర వైపు పోవాలి, తప్పు గోడలో ఉంటే తిప్పినా తిప్పకపోయినా అదే చివరకి పోతుంది. అదే చివరకి పోయింది. అందరూ వంగి చూశారు. మాల్ ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి పై రెండు వరసలు తీసి ఇటుకలు శుభ్రం చేసి మళ్ళీ పేర్చారు, ఇటుకలు గీకడానికి ముందుగా తాపీ పట్టుకున్నది ఆ అమ్మాయే. నేను దూరం నుంచి చూస్తూ కలగజేసుకోలేదు. కలగజేసుకుని ఉంటే గోడ సరిగ్గా వచ్చేదేమో గానీ ఆ అమ్మాయి మాటకి విలువ వచ్చేది కాదు.

ఇన్‌స్ట్రక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి కూడా ఒక మాట, లీడర్ చెప్పింది కరెక్ట్ అయినప్పుడు మీరు మళ్ళీ చెప్పకండి. మీరు చెప్తే అది మీ మాట అయిపోతుంది.

ఇక వెటకారాల గురించి. మామూలు ఎగతాళి అయితే పని మీదకి మళ్ళించేయడం బెస్ట్, "సరే, ముందు ఆ జాయింట్ చూపించు" అంటే చాలు. అదే మనిషి మళ్ళీ మళ్ళీ చేస్తుంటే అందరి ముందు కాకుండా పక్కకి పిలిచి ఒక్కసారి స్పష్టంగా చెప్పాలి. చేయి వేయడం, దారికి అడ్డం రావడం, రాత్రి మెసేజ్‌లు, కావాలని తన పని పాడుచేయడం, తన తాళం తీసేయడం లాంటివి మాత్రం లీడర్ ఒంటరిగా తేల్చుకోవాల్సిన విషయాలు కాదు. తారీఖు, టైమ్, ఏం జరిగింది, ఎవరు చూశారు అని రాసి సంస్థకి రాతపూర్వకంగా ఇవ్వాలి. "నువ్వు లీడర్‌వి కదా, నువ్వే సర్దుకోవాలి" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం పని చోట వేధింపుల గురించే, అందులో ఉద్యోగులతో పాటు ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళని, ఇంటర్న్‌లని, అప్రెంటిస్‌లని పేరు పెట్టి చేర్చారు. అంటే స్టూడెంట్ కాబట్టి నీకు వర్తించదు అనే మాట చెల్లకూడదన్నదే దాని ఉద్దేశం.

ముగ్గురూ ఒకే గ్రూప్‌లో ఉండాలా, తలో గ్రూప్‌లోనా

మీరు ఇది అడగలేదు, కానీ మీ చెల్లెలికి ఇది తప్పకుండా ఎదురవుతుంది. ఇన్‌స్ట్రక్టర్లకి "ప్రతి గ్రూప్‌లో ఒక అమ్మాయి" అని పంచడం న్యాయంగా అనిపిస్తుంది. నా అనుభవంలో మొదట్లో అది పెద్ద దెబ్బ. రోజబెత్ మాస్ కాంటర్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ 1977లోనే దీని గురించి రాసింది, ఒక గుంపులో ఏదో ఒక రకం మనుషులు 15 శాతం లోపు ఉంటే వాళ్ళని మనుషులుగా కాకుండా ఆ రకానికి నమూనాలుగా చూస్తారని. మన వర్క్‌షాప్ భాషలో చెప్పాలంటే, అబ్బాయి డ్రిల్ బిట్ విరగ్గొడితే "వాడు విరగ్గొట్టాడు", అమ్మాయి విరగ్గొడితే "అమ్మాయిలకి డ్రిల్ ఇస్తే ఇంతే". ఒంటరిగా ఉన్న అమ్మాయి ఆ బరువు భరించలేక తప్పు చేయకుండా ఉండాలని అసలు పనే ముట్టుకోవడం మానేస్తుంది. ట్రేడ్ నేర్చుకునేది తప్పులు చేసి కదా!

అందుకని మొదటి కొన్ని నెలలు కనీసం ఇద్దరు ఒక గ్రూప్‌లో ఉండేలా అడగమనండి, చేయి తిరిగాక విడిపోవచ్చు. అలాగని ముగ్గురూ ఎప్పటికీ అతుక్కుని వేరే ద్వీపంలా ఉండిపోవడం కూడా మంచిది కాదు, రేపు సైట్‌లో అందరితో కలిసే చేయాలి. లీడర్‌గా తను ఇంకొక పని చేయొచ్చు, వచ్చే బ్యాచ్‌లో చేరిన అమ్మాయిలకి మొదటి వారంలోనే వర్క్‌షాప్ తిప్పి చూపించడం, ఏ బూట్లు కొనాలి, జుట్టు ఎలా కట్టుకోవాలి, ఏ మెషిన్ దగ్గర గ్లోవ్స్ వేసుకోకూడదు (డ్రిల్ ప్రెస్ లాంటి తిరిగే మెషిన్ గ్లోవ్‌ని పట్టుకుంటే వేలితో సహా లాగేస్తుంది) లాంటివి చెప్పడం. చిన్నగా మొదలైనవే పెద్దవవుతాయి. అమెరికాలో 1953లో ఫోర్ట్ వర్త్ అనే ఊళ్ళో కన్‌స్ట్రక్షన్ రంగంలో పనిచేసే 16 మంది ఆడవాళ్ళు కలిసి ఒక గ్రూప్ పెట్టుకున్నారు, అదే రెండేళ్ళలో దేశం మొత్తానికి సంఘం అయ్యింది, ఇప్పటికీ నడుస్తోంది. మీ చెల్లెలి దగ్గర ముగ్గురు ఉన్నారు కదా.

సైజు, బరువు, టాయిలెట్

లీడర్ నోరు విప్పాల్సిన అసలు విషయాలు ఇవి, ఇవి అడగడానికే చాలామంది సిగ్గుపడతారు. సేఫ్టీ హార్నెస్ (ఎత్తు నుంచి పడితే పట్టుకునే పట్టీలు) చాలా చోట్ల ఒకే సైజు కొంటారు. వదులుగా ఉన్న హార్నెస్ వేసుకుని పడితే అది పట్టుకోదు, లేదా జారి మెడ దగ్గరికి వస్తుంది. ఛాతీ పట్టీ ఛాతీ మధ్యలో ఉండాలి, వెనక తాడు తగిలించే డీ రింగ్ రెండు భుజాల ఎముకల మధ్య ఉండాలి, తొడ పట్టీ కింద అరచెయ్యి బల్లపరుపుగా దూరాలి కానీ పిడికిలి దూరకూడదు. ఈ మూడూ చూసుకోవడం నిమిషం పని. బూట్లు, గ్లోవ్స్, కళ్ళద్దాలు కూడా అంతే. అమెరికాలో పని చోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా వాళ్ళు నిర్మాణ పనుల్లో ఇచ్చే రక్షణ సామాను వేసుకునే మనిషికి సరిగ్గా సరిపోవాలని రూల్‌లో స్పష్టంగా రాశారు, అది 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంత ఆలస్యంగా వచ్చిందంటే ఎంతకాలం ఎవరూ అడగలేదో, అడిగినా వినలేదో అర్థం చేసుకోండి.

బరువు గురించి వాదనలు తప్పకుండా వస్తాయి. "నువ్వు ఆ కేబుల్ డ్రమ్ ఎత్తగలవా" అని. ఎత్తక్కర్లేదు, దొర్లించాలి, లేదా జాక్ మీద పెట్టాలి. వృత్తి ఆరోగ్యం మీద పనిచేసే అమెరికన్ సంస్థ నియోష్ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నా, బరువు ఒంటికి దగ్గరగా ఉన్నా, ఒక మనిషి ఎత్తడానికి సిఫార్సు చేసే పరిమితి 23 కిలోలు. అది ఆడా మగా అని వేరుగా చెప్పిన లెక్క కాదు. 50 కిలోల బస్తా వీపు మీద వేసుకుని గొప్పగా నడిచిన కుర్రాళ్ళు కొన్నేళ్ళకే నడుం పట్టుకుని కూర్చోవడం సైట్ల మీద నేను చాలామందిని చూశాను. ట్రాలీ కావాలని అడిగే లీడర్ అమ్మాయిల కోసం అడగట్లేదు, అందరి నడుముల కోసం అడుగుతోంది, అడిగేటప్పుడు అలాగే అడగమనండి.

టాయిలెట్ సంగతి కూడా అంతే. సరైన టాయిలెట్ లేని చోట అమ్మాయిలు నీళ్ళు తాగడం మానేస్తారు, దాంతో ఎండలో కళ్ళు తిరగడం, యూరినరీ ఇన్ఫెక్షన్లు. నిచ్చెన మీద ఉన్న మనిషికి కళ్ళు తిరిగితే అది సేఫ్టీ విషయం, సౌకర్యం విషయం కాదు. ఇలాంటివి నోటితో అడిగితే "చూద్దాం" అంటారు. ఒక కాగితం మీద సమస్య ఏంటి, ఎంతమందికి, ఏం కావాలి, ఎప్పటిలోపు అని నాలుగు లైన్లు రాసి, అబ్బాయిలతో కూడా సంతకాలు పెట్టించి ఇస్తే కదలిక వస్తుంది. ముగ్గురి సంతకాలకీ ముప్పై మంది సంతకాలకీ తేడా ఉంటుంది మరి.

పోటీల గురించి

స్పీచ్ పోటీల కంటే పని పోటీలు మేలు అని నా అభిప్రాయం. వరల్డ్ స్కిల్స్ అని ఒక అంతర్జాతీయ పోటీ ఉంది, 1950లో స్పెయిన్‌లో మొదలైంది, ఇప్పుడు రెండేళ్ళకోసారి జరుగుతుంది, ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్, ప్లంబింగ్, ఇటుక పని, టైల్స్, కార్పెంటరీ అన్నీ ఉంటాయి. చాలా ట్రేడ్లలో పోటీ జరిగే ఏడాదికి వయసు 22 దాటకూడదు, కాబట్టి ఆలోచన ఉంటే ఇప్పుడే. అంత దూరం వెళ్ళకపోయినా గడియారం ఎదురుగా పెట్టుకుని, డ్రాయింగ్ ప్రకారం, మిల్లీమీటర్ తేడా లేకుండా చేయడం ప్రాక్టీస్ అవుతుంది.

లీడర్‌షిప్ నేర్పడానికి నాకు బాగా నచ్చిన నమూనా అమెరికాలో స్కిల్స్‌యూఎస్‌ఏ అనే విద్యార్థి సంస్థది. 1965లో వేరే పేరుతో మొదలైంది. వాళ్ళ దగ్గర నలుగురి టీమ్ పోటీ ఒకటి ఉంది, కార్పెంటరీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, తాపీ పని నాలుగూ కలిసిన ఒక చిన్న నిర్మాణాన్ని టీమ్ మొత్తం కట్టాలి. అందులో ఎవరి పని ముందు, ఎవరిది వెనక అని ప్లాన్ చేసుకోకపోతే ప్లంబర్ పైపు వేసే చోటే ఎలక్ట్రీషియన్ బాక్స్ పెట్టేస్తాడు. నిజం సైట్లో రోజూ జరిగే గొడవ ఇదే. మీ చెల్లెలు తమ సంస్థలోనే పక్క ట్రేడ్ వాళ్ళతో కలిసి ఒక చిన్న గది మోడల్ కట్టే ప్రాజెక్ట్ అడగొచ్చు, లీడర్‌గా ఏడాది మొత్తంలో ఆ ఒక్కటి చేయించగలిగినా నేనైతే ఫుల్ మార్కులు వేస్తాను.

ఉద్యోగానికి పనికొస్తుందా

బయోడేటాలో "స్టూడెంట్ లీడర్" అని రాస్తే సైట్ ఫోర్‌మన్ కనీసం చూడడు. "అయిదుగురితో ఒక గది వైరింగ్ చేశాం, డ్రాయింగ్ నేనే చదివి మార్కింగ్ ఇచ్చాను, టెస్టింగ్‌లో ఒక సర్క్యూట్‌కి ఇన్సులేషన్ రెసిస్టెన్స్ తక్కువ వచ్చింది, బాక్స్ అంచు దగ్గర వైర్ గీసుకుపోయిందని పట్టుకున్నాం" అని చెప్తే తల ఎత్తి చూస్తాడు. అందుకే మొదటి రోజు నుంచి ఒక లాగ్‌బుక్ పెట్టుకోమనండి. తారీఖు, ఏం పని, ఏ సైజు కేబుల్, ఏ పనిముట్లు, తను చేసిన భాగం ఏది, ఏం తప్పు దొరికింది, ఎలా సరిచేశారు, ఇన్‌స్ట్రక్టర్ సంతకం. కుదిరితే కవర్ మూసే ముందు ఫోటో, మూసేశాక ఫోటో ఎవరికీ పనికిరాదు.

కానీ ఒక జాగ్రత్త. సైట్‌లో మొదటి రోజు తను లీడర్ కాదు, కొత్త హెల్పర్. ఇక్కడ లీడర్‌గా చేసిన కొందరు పిల్లలు అక్కడికి వెళ్ళి మేస్త్రీకి పని నేర్పబోతారు, వారంలో అందరికీ దూరమైపోతారు. మొదట్లో టైమ్ కంటే కాస్త ముందు వెళ్ళడం, పనిముట్లు రెడీగా పెట్టడం, చెప్పింది తిరిగి చెప్పి కన్ఫర్మ్ చేసుకోవడం, తెలియనిది అడగడం, ఇంతే. ఒక్క విషయంలో మాత్రం హెల్పర్ అయినా తగ్గక్కర్లేదు, సర్క్యూట్ డెడ్ అని తను చూడకుండా చేయి పెట్టమంటే పెట్టకూడదు.

ఎప్పుడు వద్దు అంటానో కూడా చెప్తాను. బేసిక్స్‌లో వెనకబడి ఉంటే, ఇంకా జాయింట్లు సరిగ్గా రావట్లేదు అంటే ఈ టర్మ్ వదిలేసి వచ్చే టర్మ్ నిలబడటం మంచిది. సంస్థకి కేవలం "మా దగ్గర అమ్మాయి లీడర్" అని చూపించుకోవడానికే అయితే, చార్ట్ వేసే అధికారం కానీ టూల్ రూమ్ తాళాలు కానీ ఇవ్వకపోతే, దానికి పెట్టే టైమ్ కండ్యూట్ బెండింగ్‌కి పెట్టమనండి. ఇంకా ఇంటికి రావడానికి చీకటి పడే మీటింగులు ఉంటాయంటే ముందే మాట్లాడుకుని పగటిపూటకి మార్పించుకోవాలి, అది అడగడం బలహీనత కాదు.

నిలబడేటప్పుడు మాట్లాడమంటే పెద్ద స్పీచ్ వద్దు. "టూల్ రూమ్‌లో పాడైన మెషిన్ల లిస్ట్ ప్రతి వారం గోడకి పెడతాను. ప్రాక్టికల్‌లో అందరికీ అన్ని పనులూ వచ్చేలా చార్ట్ వేస్తాను. మీకేదైనా సమస్య ఉంటే కాగితం మీద రాసి తీసుకెళ్ళేది నేను." ఇంత చాలు, ఇందులో అబ్బాయిలు కాదనేది ఏదీ లేదు.

ఎన్నిక ఎప్పుడో, తను ఇప్పటికి సిలబస్‌లో ఏ ప్రాక్టికల్ దాకా వచ్చిందో కింద రాయండి. దాన్ని బట్టి మొదటి నాలుగు వారాలకి టూల్‌బాక్స్ టాక్ టాపిక్స్, ఆ నాలుగు కుర్చీల చార్ట్ ఎలా గీయాలో రాసి పెడతాను.